తలగడ వెదుకులాట

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నది మన పెద్దల సామెత. అందులో మొదటి సగంతో మాకు పేచీ లేదు. రెండవ సగం పలికిన పెద్దమనిషి మాత్రం దోహా నుండి డాలస్ దాకా పదహారు గంటలపాటు విమానంలో, ఎకానమీ తరగతిలో, ఇద్దరి నడుమ ఇరుక్కొని కూర్చున్నవాడు కాడని మేము ధైర్యంగా చెప్పగలము. నిద్రకు సుఖం కావలెను. అంతకన్నా ముందు మెడకు ఒక ఆసరా కావలెను.

ఈ సంచికలో మిత్రులు ఇక్బాల్‌ను గూర్చీ గురజాడను గూర్చీ వ్రాస్తుండగా మేము తలగడను గూర్చి వ్రాయబూనడం పాఠకులకు వింతగా తోచవచ్చును. ముప్ఫై ఏళ్ళు భౌతికశాస్త్రం బోధించిన ఉపన్యాసకుడికి ఇంతకన్న మంచి విషయం దొరకలేదా అనికూడ అనవచ్చును. విషయం చిన్నదే. కాని దాని మూలంగా మా ఇంట ఒక మనుమరాలు తన అమ్మమ్మ చేతి నీళ్ళకు నోచుకోలేదు. ఆ దోషంలో మా భాగం తక్కువేమీ కాదు. కనుక చెప్పుకోవలసి వచ్చింది.

మా అమ్మాయి డాలస్ నగరంలో కాపురముంటున్నది. 2019లో ఆమెకు తొలి కాన్పు. మేము బయలుదేరేనాటికే బిడ్డ పుట్టింది. మా శ్రీమతికి అప్పటికే మెడ ఎముకల అరుగుదల ఉన్నది. అయినా ఆమె దాన్ని లెక్కచేయలేదు. ఆమె పెట్టె నిండా పాత నూలు చీరల పొత్తిగుడ్డలు, వాము, సాంబ్రాణి, నలుగుపిండి. కాళ్ళు చాపుకొని పీట మీద కూర్చొని, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోయాలన్నది ఆమె కోరిక. తన తల్లి తన బిడ్డకు అట్లాగే పోసింది. తన జేజి తనకు అట్లాగే పోసిందట.

ఆ ప్రయాణం కోసం మేము ఒక గాలి దిండు కొన్నాము. గుర్రపు నాడా ఆకారంలో ఉండి, నోటితో ఊదితే ఉబ్బుతుంది. మడిస్తే జేబులో పడుతుంది. ధర స్వల్పం. శంషాబాద్ విమానాశ్రయంలో కూర్చొని, ఊపిరి పట్టి, ఇక పట్టదనేదాకా ఊది, మూత బిగించి, ఏదో ఘనకార్యం చేసినవారివలె దానిని ఆమె మెడకు తొడిగాము. విమానం పైకి లేచిన కొంతసేపటికి ఆమె, "ఏమండీ, ఇది రాయిలాగా అయింది" అన్నది. "కొత్తది గదా, సర్దుకొంటుంది" అన్నాము మేము. అని నిద్రపోయాము కూడ.

ముప్ఫై ఏళ్ళు ప్రతి జూలై నెలలోనూ నల్లబల్ల మీద బాయిల్ సూత్రం వ్రాసిన చేతులివి. పీడనం తగ్గితే వాయువు వ్యాకోచిస్తుందని ఎన్ని వందలమంది పిల్లల చేత వల్లె వేయించామో లెక్క లేదు. విమానం లోపలి గాలి పీడనం నేల మీద ఉన్నట్లు ఉండదు. ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల కొండమీద ఎంత ఉంటుందో అంతే ఉంటుంది. హైదరాబాదులో బిగించిన గాలి అక్కడ నాలుగో వంతు దాకా పెరగజూస్తుంది. పెరగడానికి సంచిలో చోటు లేకపోతే గట్టిపడుతుంది. మూత కొంచెం వదలి నాలుగు బుడగల గాలి తీసివేస్తే చాలును. ఆ సంగతి మాకు తట్టలేదు. ఆమె అడిగినప్పుడైనా తట్టలేదు.

డాలస్‌లో దిగేసరికి ఆమె మెడ ఎడమవైపు పట్టి నిలిచిపోయింది. తల తిప్పాలంటే భుజాలతో సహా తిరగవలసిందే. క్రిందికి చూడలేదు. మెడ వంచనిదే కాళ్ళ మీద బిడ్డకు నీళ్ళు పోయడం సాధ్యం కాదు. బిడ్డ ముఖం కనబడదు, నీళ్ళు ముక్కులోకి పోతున్నవో లేవో తెలియదు. పదిరోజులకుగాని ఆమె బిడ్డను ఒంటరిగా ఎత్తుకోలేకపోయింది. ఆ పదిరోజులూ అల్లుడు చిన్న ప్లాస్టిక్ తొట్టిలో, యూట్యూబ్ చూసి నేర్చుకొని, బిడ్డకు స్నానం చేయించాడు. బాగానే చేయించాడు. మెడ సర్దుకొనేసరికి బిడ్డ ఆ తొట్టికి అలవాటు పడింది. కాళ్ళ మీద వేసుకొంటే గుక్కపట్టి ఏడ్చింది. మా శ్రీమతి పీటను గోడకు చేర్చి పెట్టింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

2023లో అమ్మాయికి రెండవ కాన్పు అన్న కబురు తెలిసినప్పుడు ఆమె, "మీరు వెళ్ళి రండి, నేను రాలేనండీ" అన్నది. కర్నూలులో ఎముకల వైద్యునికి చూపించాము. ప్రయాణానికి అడ్డేమీ లేదు, నిద్రలో తల వాలిపోకుండా మాత్రం చూసుకొండి అన్నాడాయన. ఆ ఒక్క షరతు నెరవేర్చడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

తల ఎందుకు వాలుతుందో ముందు తెలుసుకోవలెను. పెద్దవారి తల బరువు ఇంచుమించు ఐదు కిలోలు. మెలకువలో మెడ కండరాలు దానిని క్షణక్షణమూ నిలబెడుతూనే ఉంటవి. మనకు ఆ శ్రమ తెలియదు. నిద్ర గాఢమైనకొద్దీ ఆ కండరాలు సడలుతవి. కలలు వచ్చే నిద్రలోనైతే కాళ్ళు చేతులతో పాటు మెడకూడ పూర్తిగా పట్టు వదలుతుంది. పడుకొన్నవానికి దానివల్ల నష్టం లేదు, తల తలగడ మీద ఉంటుంది. కూర్చున్నవాని తల ముందుకో ప్రక్కకో పడుతుంది, ఉలిక్కిపడి లేస్తాడు, మళ్ళీ కునుకుతాడు, మళ్ళీ పడుతుంది. ఎకానమీ తరగతిలో సీటుకూ సీటుకూ మధ్య దూరం సాధారణంగా 31, 32 అంగుళాలు, సీటు వెడల్పు 17, 18 అంగుళాలు. వెన్ను వెనుకకు వాలేది కొద్ది అంగుళాలే. నిటారుగా కూర్చున్నకొద్దీ తల ముందుకు పడడానికే చూస్తుంది. అందుచేత విమానంలో కావలసినది తల క్రింద పెట్టుకొనే మెత్త కాదు. చెవికీ భుజానికీ మధ్య ఉన్న ఖాళీని నింపేది, గడ్డం క్రింద అడ్డుగా నిలిచేది కావలెను.

ఉర్దూ శాఖలోని మా మిత్రునితో ఈ మాట అన్నప్పుడు ఆయన నవ్వి, "మా భాషలో తకియా అంటే తలగడ ఒక్కటే కాదు సాబ్, ఒకరి మీద భరోసా పెట్టుకోవడాన్ని కూడ తకియా చేయడమనే అంటాము" అన్నారు. ఫకీరు నివసించే చోటుకు కూడ తకియా అనే పేరట. మేము ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే మా శ్రీమతి, "2019లో నేను చేసింది అదే గదండీ" అన్నది. నాలుగేళ్ళ తరువాత మాకు దక్కిన ఒకే ఒక్క ఆక్షేపణ అది.

మొదట నురుగు దిండు తెప్పించాము. వ్రేలితో నొక్కితే గుంటపడి, మెల్లగా మళ్ళీ పూడే ఆ నురుగును 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పని మీద చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు విమానాసనాల మెత్తల కోసం రూపొందించాడు. విమానం కోసం పుట్టినదే గదా అని మాకు దానిమీద గురి కుదిరింది. దాని గుణం వేడిలో మెత్తబడడం, చలిలో బిగియడం. నంద్యాల ఎండలో అది చపాతీ పిండివలె సాగింది. విమానపు చల్లదనంలో ఎట్లా ఉండునో చూడవలెనని ఏసీ బస్సులో పరీక్ష పెట్టాము. నంద్యాల నుండి కర్నూలు, జడ్చర్ల మీదుగా హైదరాబాదుకు రాత్రి బస్సు. మా శ్రీమతి ఆ దిండు తొడుక్కొని, మేము పుస్తకం పట్టుకొని ఆమె తల ఏ వైపు ఎన్నిసార్లు పడుతున్నదో గీతలు గీస్తూ కూర్చున్నాము. ప్రక్క సీటు ప్రయాణికుడు మమ్మల్ని ఏమనుకొన్నాడో తెలియదు, కర్నూలులో లేచి వెనుక సీటుకు పోయాడు.

గీతలు ఒక సంగతి తేల్చినవి. ప్రక్కలకు పడడం తగ్గింది, ముందుకు పడడం ఎక్కువైంది. కారణం మెడ వెనుక ఉన్న మందం. నాడా ఆకారపు దిండ్లకన్నిటికీ ఉన్న లోపమిదే. సీటుకూ మెడకూ మధ్య మూడంగుళాల మెత్త చేరితే అది తలను ముందుకు నెడుతుంది. దాని కొసలు రెండూ ముందు ఉండి, నడుమ ఖాళీ సరిగ్గా గడ్డం క్రిందనే ఉంటుంది. తల పడేది అక్కడికే. తిరుగు ప్రయాణంలో దిండును వెనుకది ముందుకు త్రిప్పి తొడిగాము. గడ్డం క్రిందికి మందం వచ్చింది, మెడ వెనుక ఖాళీ అయింది. గీతలు సగానికి తగ్గినవి. ఈ ఒక్క చిట్కా ఖర్చు లేనిది. నాడా దిండు ఇంట్లో ఉన్నవారు దానిని పారవేయకుండా త్రిప్పి చూడవచ్చును. కాని ఆమె మెడ పొట్టి. ఆ మందానికి గడ్డం పైకి లేచి, ఊపిరి ఆడనట్లున్నదన్నది.

లోపల ప్లాస్టిక్ బద్దలు అమర్చిన ఉన్ని కండువా వంటిది కూడ ఒకటి చూశాము. చుట్టుకొంటే తల ఒక వైపుకు ఆనుతుంది. ఆలోచన మంచిది. ఒకే వైపుకు ఆనవలసిరావడం, ఆ వైపే ఆమెకు నొప్పి ఉండడం చేత అదీ కుదరలేదు. ప్రాచీన ఈజిప్టువారు కొయ్యతో, రాతితో చేసిన తలపీటల మీద నిద్రించేవారు. 1922లో బయటపడిన టుటంఖామున్ సమాధిలో ఏనుగు దంతపు తలపీటకూడ దొరికింది. ఆ చక్రవర్తికి మెడనొప్పి ఉండేదేమో ఎవరైనా పరిశోధింపవలెను.

ఏప్రిల్ చివరి వారంలో ఒకనాడు మా శ్రీమతి, "మీ జేజినాయన చేసిన దిండు మన పెళ్ళినాడు ఇచ్చారు, గుర్తుందా? దాని మీద పడుకొంటే నాకు ఏనాడూ మెడ పట్టలేదు" అన్నది.

మేము దూదేకులవారము. నూర్‌బాషాలనీ, పింజారీలనీ, లద్దాఫులనీ కూడ మావారిని అంటారు. ఇంట మాట్లాడేది తెలుగు. జేజినాయన మనిషెత్తు విల్లు భుజాన వేసుకొని, కోతలైన తరువాత ఊరూరా తిరిగి, ఇంటింటి పరుపులూ దిండ్లూ విప్పి దూది ఏకేవాడు. విల్లు తంతిని కొయ్యతో కొడితే టుంయ్ టుంయ్ మని మ్రోగేది. గడ్డకట్టిన దూది ఆ తంతికి తగిలి పొగవలె లేచేది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమలకు, కనురెప్పలకు దూది పట్టి ముసలితనం ఒక్కరోజులో వచ్చినట్లుండేవాడు. కళాశాలలో చేరిన రోజులలో మీ పెద్దలేమి చేస్తారని ఎవరైనా అడిగితే "వ్యాపారం" అని చెప్పినవారము మేము. ఆ విల్లు ఏమైనదో కూడ మాకు తెలియదు.

నంద్యాల పాత పేటలో దూది ఏకే యంత్రం పెట్టుకొన్న ఒక పెద్దాయన ఉన్నాడు. మరునాడు ఇద్దరమూ ఆయన దుకాణానికి వెళ్ళాము. విమానం, సీటు, మెడ, బాయిల్ సూత్రం అన్నీ మేము వివరించాము. ఆయన అంతా విని మాతో ఏమీ అనక, "పడుకొనేది ఎవురు సారూ?" అన్నాడు. మా శ్రీమతిని బల్ల మీద నిటారుగా కూర్చోమని, ఆమె చేతనే చెవి నుండి భుజం దాకా జాన పెట్టించి చూశాడు. "జానెడుకు నాలుగు వేళ్ళు తక్కువ. ఇంత దిండు ప్రక్కల చాలు. ఎనక ఒట్టి గుడ్డ. ముందర రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పడాల" అన్నాడు. మాకు నాలుగు నెలలు పట్టిన సంగతి ఆయనకు నాలుగు నిమిషాలు పట్టింది.

లోపలికి ఏమి దూది వేయాలన్న విషయంలో మాత్రం చర్చ జరిగింది. మేము బూరుగు దూది అన్నాము. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది. అందుచేతనే అది అంత తేలిక. పైన మైనపు పూత వంటిది ఉండి తడిని అంటనీయదు. నీటిమీద తేలే గుణం చేత దానిని ఒకప్పుడు ఓడ ప్రయాణికుల రక్షణ కవచాలలో కూరేవారు. ఇదంతా చెప్పాము. ఆయన తల ఊపి, "బూరుగు మెత్తన, నిజమే. కాని అణిగిపోతాది. తలకాయ బరువుకు రెండు గంటల్లో పలక అయితాది" అన్నాడు. చివరికి నడుమ గట్టిగా కూరిన ప్రత్తి దూది, పైన రెండంగుళాల బూరుగు దూది అని నిర్ణయమైనది.

ఆ కాస్త దూదికి యంత్రం త్రిప్పితే సగం యంత్రమే తింటుందన్నాడు. గోడకు విల్లు తగిలించి ఉన్నది, తంతి తెగి ఏళ్ళయిందట. సన్నని బెత్తాలు రెండు తీసుకొని దూదిని కొట్టడం మొదలుపెట్టాడు. బూరుగు కాయల గింజలు ఏరే పని మాకు అప్పగించాడు. అమెరికాలో దిగేవారు విత్తనాలు, పండ్లు వంటివేమున్నా సుంకపు అధికారులకు ప్రకటింపవలసి ఉంటుంది. కనుక ఒక్క గింజ కూడ మిగలరాదు. దుకాణం నేల మీద కూర్చొని మిట్టమధ్యాహ్నం దాకా నల్లని గింజలు ఏరాము. ఫ్యాను వేయడానికి వీలులేదు, దూది ఎగిరిపోతుంది. కొంతసేపటికి ఆయన మా చేతుల వంక చూసి, "మీరు మనోల్లేనా సారూ?" అని అడిగాడు. అవునన్నాము. మా జేజినాయన పేరు, ఊరు చెప్పాము. ఆయనకు తెలియదు. అయినా కూలి సగమే తీసుకొన్నాడు. మిగతా సగం మా శ్రీమతి బల్ల మీద పెట్టి వచ్చింది.

దిండు చూడడానికి అందమైనది కాదు. చేతి మందాన, బారెడు పొడుగున, నడుమ ఖాళీ సంచివలె వ్రేలాడుతూ, ఎలుకను మ్రింగిన రెండు పాముల్ని కలిపి కుట్టినట్లున్నది. విమానాశ్రయ తనిఖీలో యంత్రం గుండా రెండుసార్లు పంపారు. భద్రతా ఉద్యోగిని ఒకామె దానిని అటూ ఇటూ నొక్కి, హిందీలో ఇదేమిటని అడిగింది. ఇంట ఎన్నడూ దిండు తప్ప మరొక మాట అనని మా శ్రీమతి, "తకియా" అన్నది. ఆమె నవ్వి పంపివేసింది.

ఈసారి అదనపు రుసుము చెల్లించి కిటికీ సీటు ఆమెకు తీసుకొన్నాము, నడుమ సీటు మాది. నడుము వెనుక ఖాళీలో విమానంలో ఇచ్చిన దుప్పటిని చుట్టి పెట్టాము. నడుము నిలిస్తేనే మెడ నిలుస్తుందని బస్సు పరీక్షలలో తెలిసినదే. దోహా నుండి బయలుదేరిన రెండవ గంటలో ఆమె ఆ పామును మెడకు చుట్టి, కొసలు గడ్డం క్రింద ఒకదాని మీద ఒకటి వేసుకొని, గోడకు ఆనింది. మేము నిద్రపోలేదు. పుస్తకంలో గీతల కోసం పేజీ తెరచి కూర్చున్నాము. తల ఒకసారి ముందుకు వచ్చింది, దిండు మీద ఆగింది, అక్కడే ఉన్నది.

రెండు విడతలుగా ఆమె ఐదు గంటలు నిద్రించింది. ఇంకా పడుకొనేదే, మేమే లేపి నడిపించాము. నాలుగు గంటలకు మించి కదలక కూర్చొని చేసే ప్రయాణాలలో కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఇంచుమించు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. సుఖమైన దిండు దొరికినవారికే ఈ హెచ్చరిక ఎక్కువ అవసరం. లేపినందుకు విసుక్కొన్నది. ఆ విసుగు మాకు ఎంతో ఇష్టమైనది.

డాలస్‌లో దిగాక సామాను వచ్చే చోట నిలబడి ఆమె మెడను ఎడమకు, కుడికి, పైకి, క్రిందికి త్రిప్పి చూసుకొన్నది. క్రిందికి త్రిప్పినప్పుడు కొంచెం ఆగి చూసుకొన్నది. బిడ్డకు అప్పుడు ఆరు రోజులు. బొడ్డు ఊడేదాకా నీళ్ళు పోయరాదని అమ్మాయి పట్టుపట్టింది, అక్కడి వైద్యులు అట్లా చెప్పారట. మరి ఐదు రోజులకు ఊడింది. నాలుగేళ్ళ నాడు గోడకు చేర్చిన పీట అల్లుని గరాజులో రంగు డబ్బాల క్రింద దొరికింది. తోమి కడిగి, స్నానాల గదిలో వేసి, కాళ్ళు చాపి కూర్చొని, ఆమె బిడ్డను కాళ్ళ మీద వేసుకొని మెడ వంచింది. మేము వాకిట నిలబడి చెంబులు అందించాము. పెద్ద మనుమరాలు ప్రక్కన చేరి, "నాకు కూడ అట్లా పోశావా అమ్మమ్మా?" అని అడిగింది. మా శ్రీమతి వేడినీళ్ళు చన్నీళ్ళు కలుపుతూ, "నీకు మీ నాయన పోసినాడులే, ఇంకా బాగా" అన్నది.

ఆ పాము దిండు డాలస్‌లోనే ఉండిపోయింది. పెద్ద పిల్ల దానికి కళ్ళు కుట్టించుకొని ప్రక్కలో పెట్టుకొన్నది, అడిగితే ఇవ్వలేదు. తిరుగు ప్రయాణం నురుగు దిండును ముందుకు త్రిప్పి చేశాము. ఆమెకు రెండు రోజులు నొప్పి ఉన్నది, పోయింది. మళ్ళీ వేసవిలో వెళ్ళవలసి ఉన్నది. పెద్దాయన దుకాణంలో ఈసారి గింజలు ఏరి ఇంటికి పంపాడు, ఎండలో పెట్టి తెమ్మన్నాడు. దూది డాబా మీద ఉన్నది. గాలికి లేచిపోకుండా పైన పాత చీర కప్పి నాలుగు మూలలా ఇటుకలు పెట్టాము. సాయంత్రం అయిదింటికి తీయాలి.